మాట వినే యంత్రం: ఆచార్య రాజ్ రెడ్డి పరిశోధనా ప్రస్థానం

కంప్యూటర్ శాస్త్రంలో అత్యున్నతమైనదిగా పరిగణించే ట్యూరింగ్ పురస్కారాన్ని 1994వ సంవత్సరానికి ఇద్దరు ఆచార్యులకు కలిపి ప్రకటించారు. వారిలో ఒకరు స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్ కాగా, రెండవవారు చిత్తూరు జిల్లా కాటూరు గ్రామంలో ఒక రైతు కుటుంబంలో జన్మించి, అమెరికాలోని పిట్స్‌బర్గ్ నగరంలో ఉన్న కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఆచార్యులుగా స్థిరపడిన రాజగోపాల్ రెడ్డి. ప్రపంచానికి ఆయన రాజ్ రెడ్డిగా సుపరిచితులు. నోబెల్ బహుమతుల్లో కంప్యూటర్ శాస్త్రానికి చోటు లేదు కనుక, 1966 నుంచి ఇస్తున్న ఈ పురస్కారాన్నే ఆ రంగంవారు నోబెల్‌కు సాటిగా భావిస్తారు. ఆసియా ఖండంలో పుట్టినవారికి అది దక్కడం అదే మొదటిసారి.

ఆయన జీవితాన్ని గౌరవాల పట్టికగా చెప్పుకొనడం సులభమే. 1984లో ఫ్రాన్స్ ప్రభుత్వం ఇచ్చిన లీజియన్ ఆఫ్ ఆనర్, 2001లో భారత ప్రభుత్వం ఇచ్చిన పద్మభూషణ్, 2005లో జపాన్ నుంచి వచ్చిన హోండా బహుమతి ఆ పట్టికలో కొన్ని మాత్రమే. అయితే మనిషి మాటను గుర్తించే యంత్రాల చరిత్రను కొంచెం దగ్గరగా పరిశీలించినప్పుడు, ఆ చరిత్రలో మైలురాళ్లుగా నిలిచిన డ్రాగన్, హార్పీ, స్ఫింక్స్ అనే మూడు వ్యవస్థల మీదా ప్రధాన రచయితలుగా ఉన్న పేర్లు ఆయనవి కావనీ, ఆయన శిష్యులవనీ తెలుస్తుంది. ప్రశ్నను ఎంచుకొనడం, ఫలితం వెంటనే రాకపోయినా దశాబ్దాలపాటు దానిని విడువకపోవడం, జవాబు తన అభిప్రాయానికి విరుద్ధమైన దారిలో వచ్చినప్పటికీ ఆ దారిన నడిచే శిష్యుడికి అండగా నిలవడం అనే మూడు పనుల్లోనే ఆచార్యుడిగా ఆయన గొప్పదనం ఉన్నదని ఈ ప్రసంగం ప్రతిపాదిస్తున్నది.

ముందుగా కృత్రిమ మేధ అంటే ఏమిటో చెప్పుకొనవలసి ఉంటుంది. చూసినదాన్ని పోల్చుకొనడం, విన్నదాన్ని అర్థం చేసుకొనడం, ఎదుట ఉన్న మార్గాల్లో ఒకదాన్ని ఎంచుకొనడం, అనుభవం నుంచి నేర్చుకొనడం వంటి, మనిషి చేస్తే తెలివి కావాలనిపించే పనులను యంత్రం చేత చేయించే విధానాలను అన్వేషించే శాస్త్రశాఖనే కృత్రిమ మేధ అంటారు. ఈ పేరును జాన్ మెకార్తీ అనే గణితవేత్త 1955లో, మరుసటి ఏడాది డార్ట్‌మత్ కళాశాలలో జరగబోయే సమావేశం కోసం రాసిన ప్రతిపాదనలో తొలిసారి వాడుకలోకి తెచ్చారు. ఆనాటి నుంచి ఈ రంగంలో రెండు దారులు సాగుతున్నాయి. నిపుణులకు తెలిసిన విషయాన్ని నియమాల రూపంలో రాసి యంత్రానికి అందించడం మొదటిది. వేలు, లక్షల ఉదాహరణలను యంత్రం ముందుంచి, వాటిలోని పోలికలను గణితం ద్వారా అదే గ్రహించేటట్లు చేయడం రెండవది. రాజ్ రెడ్డి పరిశోధనా జీవితం ఈ రెండు దారుల మధ్య జరిగిన వాదోపవాదాల నడుమనే గడిచింది.

అమెరికా విశ్వవిద్యాలయాల్లో ఇటువంటి రంగాల ఆచార్యుడు చేసే పని పాఠం చెప్పడంతో ముగియదు. పరిశోధనకు కావలసిన నిధుల కోసం ప్రభుత్వ సంస్థలను, పరిశ్రమలను ఒప్పించడం, ప్రయోగశాలను నిర్మించడం, పిహెచ్.డి. విద్యార్థులను ఎంపిక చేసి నాలుగైదేళ్లపాటు వారికి మార్గదర్శకత్వం వహించడం, వారి సిద్ధాంత గ్రంథాలు నిలబడేటట్లు చూడడం అతని బాధ్యతలు. ఆచార్యుడి పరిశోధనలో అధిక భాగం శిష్యుల చేతుల మీదుగానే నెరవేరుతుంది కాబట్టి, అతని వృత్తిజీవితాన్ని అంచనా వేయడానికి అతని సొంత రచనలు ఒక్కటే చాలవు.

రాజ్ రెడ్డి 1937 జూన్ 13న, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలో భాగమైన చిత్తూరు జిల్లాలో జన్మించారు. తండ్రి శ్రీనివాసులు రెడ్డి వ్యవసాయదారు. తల్లి పిచ్చమ్మ గృహిణి. ఆ కుటుంబం నుంచి కళాశాల మెట్లెక్కిన మొదటి వ్యక్తి ఆయనే. మద్రాసులోని గిండీ ఇంజనీరింగ్ కళాశాలలో 1958లో ఆయన పొందిన పట్టా సివిల్ ఇంజనీరింగ్‌కు సంబంధించినది. అప్పటికి దేశం మొత్తం మీద కంప్యూటర్లు వేళ్ల మీద లెక్కించదగినన్ని మాత్రమే ఉండగా, వాటిని గురించిన చదువు విడిగా ఎక్కడా లేదు. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయంలో 1960లో ఎం.టెక్. పూర్తి చేసి, ఆ దేశంలోనే ఐబిఎం సంస్థలో కొంతకాలం ఉద్యోగం చేసిన తరువాత, ఆయన అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో విద్యార్థిగా చేరారు. అక్కడ ఆయనకు పరిశోధన గురువుగా లభించినవారు కృత్రిమ మేధకు నామకరణం చేసిన మెకార్తీయే. స్టాన్‌ఫర్డ్‌లో కంప్యూటర్ శాస్త్ర విభాగం 1965లో ఏర్పడింది. రాజ్ రెడ్డి పిహెచ్.డి. 1966లో పూర్తయింది. అంటే ఆయన ఒక శాస్త్రంలో ప్రవేశించిన సమయానికి ఆ శాస్త్రమే ఇంకా రూపు దిద్దుకొంటున్నదన్నమాట.

పరిశోధనకు ఆయన ఎంచుకొన్న విషయం మనిషి మాటను కంప్యూటర్ గుర్తించడం. ఆంగ్లంలో స్పీచ్ రికగ్నిషన్ అని వ్యవహరించేది దీనినే. మాట పలికినప్పుడు గాలిలో పుట్టే ఒత్తిడి మార్పులను మైక్రోఫోన్ విద్యుత్ సంకేతంగా మార్చుతుంది. ఆ సంకేతాన్ని సెకనుకు వేలసార్లు కొలిచి అంకెల వరుసగా మార్చినప్పుడు మాత్రమే కంప్యూటర్ దానిని అందుకోగలదు. కష్టం అక్కడి నుంచే మొదలవుతుంది. కాగితం మీద పదానికీ పదానికీ నడుమ ఖాళీ ఉంటుంది గాని, పలుకులో అటువంటి ఖాళీ ఉండదు. తెలుగులో ‘వాడెక్కడున్నాడు’ అన్నప్పుడు వాడు, ఎక్కడ, ఉన్నాడు అనే మూడు పదాలూ సంధి వల్ల ఒకే ధ్వనిగా ప్రవహిస్తాయి. వాటి సరిహద్దులు వినేవాడి భాషాజ్ఞానంలో ఉన్నాయే గాని ధ్వనిలో లేవు. దీనికితోడు ప్రతి అక్షరమూ ముందు వెనుక అక్షరాల ప్రభావంతో కొంత రూపు మార్చుకొంటుంది. పురుషుడి గొంతు, స్త్రీ గొంతు, పిల్లవాడి గొంతు ఒకే పదాన్ని వేర్వేరు అంకెల వరుసలుగా అందిస్తాయి. జలుబు చేసిన మనిషి తన పేరును తానే నిన్నటిలా పలకలేడు. కాబట్టి ధ్వనిని ఎంత సూక్ష్మంగా కొలిచినా, ఆ కొలత ఒక్కదాని మీదనే ఆధారపడి మాటను తేల్చడం సాధ్యం కాదు.

స్టాన్‌ఫర్డ్‌లో ఆయన రాసిన సిద్ధాంత గ్రంథం ధ్వనితరంగాన్ని నేరుగా కంప్యూటర్‌లోకి తీసుకొని విశ్లేషించే పద్ధతిని ప్రతిపాదించింది. విడివిడిగా పలికిన అంకెలను, పదాలను ప్రత్యేక పరికరాల ద్వారా గుర్తించడమే గొప్పగా ఉన్న ఆ రోజుల్లో, కలిపి పలికిన మాటలను ప్రోగ్రాముల ద్వారా గుర్తించడానికి పూనుకొన్న తొలి ప్రయత్నాల్లో అది ఒకటి. పట్టా పొందిన తరువాత 1969 వరకు ఆయన అక్కడే సహాయ ఆచార్యులుగా పనిచేశారు. ఆ కాలంలో పియెర్ విసాన్స్ అనే విద్యార్థితో కలిసి, నోటి మాటగా ఇచ్చిన ఆజ్ఞలను విని దిమ్మెలను కదిలించే యాంత్రిక హస్తానికి తోడ్పడే వ్యవస్థను రూపొందించారు.

ఆయన కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయానికి మారిన 1969వ సంవత్సరమే ఈ పరిశోధనకు గడ్డుకాలం. టెలిఫోన్ పరిశోధనలకు ప్రపంచ ప్రసిద్ధి పొందిన బెల్ ప్రయోగశాలలకు చెందిన జాన్ పియర్స్ ఆ ఏడాది ఒక ధ్వనిశాస్త్ర పత్రికలో లేఖ రాస్తూ, మాటల గుర్తింపు పరిశోధన ఎటు పోతున్నదని ప్రశ్నించి, భాషను ఎరిగిన మనిషికి ఉన్నంత అవగాహన యంత్రానికి లేనంతవరకు ఈ ప్రయత్నాలు ఫలించవనే అభిప్రాయాన్ని వెల్లడించారు. ఆ విమర్శలో నిజం లేకపోలేదు. అయితే పియర్స్ దానిని పరిశోధన ఆపడానికి కారణంగా చూపగా, కార్నెగీ మెలన్ బృందం అదే విషయాన్ని పరిశోధనకు ఆరంభంగా స్వీకరించింది: అవగాహన లేనిదే మాట అందదు గనుక, ఆ అవగాహననే యంత్రానికి అందించే మార్గం వెతకాలన్నది వారి ఆలోచన. అలెన్ న్యూవెల్, హెర్బర్ట్ సైమన్ వంటి కృత్రిమ మేధ ఆద్యులు అక్కడ ఉండడం ఈ ధోరణికి బలమిచ్చింది.

అమెరికా రక్షణ శాఖకు చెందిన ఉన్నత పరిశోధన సంస్థ 1971లో ఒక అయిదేళ్ల కార్యక్రమాన్ని ప్రారంభించి, స్పష్టమైన లక్ష్యాన్ని నిర్దేశించింది. సుమారు 1000 పదాల పరిధిలో, ఆగకుండా సహజంగా పలికిన వాక్యాలను, పదింట ఒక వంతుకు మించని పొరపాటుతో యంత్రం గ్రహించగలగాలన్నది ఆ లక్ష్యం. ఇందుకోసం రాజ్ రెడ్డి బృందం మొదట రూపొందించిన హియర్‌సే అనే వ్యవస్థ చదరంగంలో ఎత్తులను నోటితో చెబితే విని ఆడేది. చదరంగాన్ని ఎంచుకొనడంలో ఒక యుక్తి ఉంది. బల్ల మీద ఉన్న పరిస్థితిని బట్టి చట్టబద్ధమైన ఎత్తులు కొన్ని మాత్రమే ఉంటాయి కనుక, విన్న ధ్వని అస్పష్టంగా ఉన్నా, ఆటకు సంబంధించిన జ్ఞానం ఆ అస్పష్టతను తగ్గిస్తుంది. పియర్స్ లేదన్న అవగాహనను ఒక చిన్న పరిధిలోనైనా యంత్రానికి సమకూర్చవచ్చునని దీనితో రుజువైంది.

రెండవ హియర్‌సే వ్యవస్థలో ఈ భావన విస్తృతమై, కృత్రిమ మేధ రంగంలో నల్లబల్ల నమూనాగా ప్రసిద్ధి చెందింది. ఒక గదిలో గోడకున్న నల్లబల్ల ముందు కొందరు నిపుణులు చేరారని భావిస్తే, వారిలో ఒకరికి ధ్వనులు, ఒకరికి అక్షరాల కూర్పు, ఒకరికి పదకోశం, ఒకరికి వ్యాకరణం, ఒకరికి సందర్భార్థం మాత్రమే తెలుసు. ఎవరూ ఒకరితో ఒకరు నేరుగా మాట్లాడుకోరు. ఎవరికి తోచిన ఊహను వారు బల్ల మీద రాస్తారు. ఇంకొకరి ఊహ తమకు తెలిసినదానితో పొసగితే బలపరుస్తారు, పొసగకపోతే తగ్గిస్తారు. ఇలా ఏ ఒక్కరికీ పూర్తిగా తెలియని వాక్యం అందరి అసంపూర్ణ జ్ఞానాల కలయికలోంచి క్రమంగా తేలుతుంది. లీ ఎర్మన్, ఫ్రెడరిక్ హేస్-రాత్, విక్టర్ లెసర్‌లతో కలిసి రాజ్ రెడ్డి 1980లో ప్రచురించిన వ్యాసం ఈ నమూనాను వివరించగా, మాటల గుర్తింపుతో సంబంధం లేని ఇతర రంగాల్లో సైతం ఆ నిర్మాణాన్ని వాడుకొన్నారు.

అదే ప్రయోగశాలలో, అదే కాలంలో, మరొక విద్యార్థి పూర్తిగా భిన్నమైన దారిలో నడిచాడు. జేమ్స్ బేకర్ 1975లో పూర్తి చేసిన డ్రాగన్ వ్యవస్థకు నిపుణుల సభ అవసరం లేదు. దానికి ఆధారం రష్యా గణితవేత్త మార్కోవ్ పేరు మీదుగా వచ్చిన సంభావ్యతా సిద్ధాంతం. వినిపించే ధ్వని మాత్రమే బయటకు కనిపించేదనీ, దానికి కారణమైన పదాల వరుస చాటున ఉన్నదనీ భావించి, ఏ వరుస వల్ల ఈ ధ్వని పుట్టడానికి ఎక్కువ అవకాశం ఉన్నదో లెక్క కట్టే పద్ధతి అది. అందుకే దానిని గుప్త మార్కోవ్ నమూనా అంటారు. ఇందులో ధ్వనికీ, పదానికీ, వాక్యానికీ సంబంధించిన జ్ఞానమంతా అంకెల రూపంలో ఒకే గణిత చట్రంలో ఇమిడిపోతుంది. జేమ్స్ బేకర్, ఆయన భార్య జానెట్ బేకర్ 1982లో డ్రాగన్ సిస్టమ్స్ అనే సంస్థను స్థాపించగా, 1997లో ఆ సంస్థ విడుదల చేసిన సాఫ్ట్‌వేర్ వల్ల సాధారణ వినియోగదారులు తమ కంప్యూటర్‌కు ఆగకుండా చెప్పి రాయించుకొనే వీలు కలిగింది.

అయిదేళ్ల గడువు ముగిసిన 1976లో నిర్దిష్ట లక్ష్యాన్ని అందుకొన్న వ్యవస్థ హార్పీ. బ్రూస్ లోవెర్ తన సిద్ధాంత గ్రంథంగా నిర్మించిన ఈ వ్యవస్థకు 1011 పదాలు తెలుసు. తొలి హియర్‌సే నుంచి భాషాజ్ఞానాన్ని, డ్రాగన్ నుంచి గణిత చట్రాన్ని తీసుకొని, పలకడానికి వీలున్న వాక్యాలన్నింటినీ ముందే ఒక పెద్ద నెట్‌వర్క్‌గా కూర్చి, ఆ దారులన్నీ వెతకకుండా ప్రతి దశలోనూ ఆశాజనకమైనవాటిని మాత్రమే నిలుపుకొంటూ ముందుకు సాగడం దాని పద్ధతి. బీమ్ సెర్చ్ అనే పేరుతో ఈ వెతుకులాట విధానం నేటి భాషా యంత్రాల్లో కూడా కనిపిస్తుంది. ఒకే ప్రయోగశాలలో పరస్పర విరుద్ధమైన రెండు పద్ధతులకు చోటు దొరకకపోయి ఉంటే, వాటి కలయిక అయిన హార్పీ పుట్టే అవకాశమే ఉండేది కాదు.

ఆచార్యుడిగా రాజ్ రెడ్డి స్వభావాన్ని అన్నిటికంటె స్పష్టంగా చూపేది స్ఫింక్స్ చరిత్ర. అప్పటివరకు వచ్చిన వ్యవస్థలు చాలావరకు ఒక్కొక్క మనిషి గొంతుకు అలవాటు పడిన తరువాతనే సరిగా పనిచేసేవి. ఎవరు మాట్లాడినా అందుకోగలిగే వ్యవస్థ కోసం 1980 దశకం మధ్యలో ఆయన ప్రయత్నం మొదలుపెట్టి, నిపుణుల జ్ఞానాన్ని నియమాలుగా పొందుపరిచే దారిని సూచించారు. తైవాన్‌లో పుట్టి అమెరికాలో పెరిగిన కై-ఫు లీ అనే విద్యార్థి కొంతకాలం ఆ దారిన నడిచి, అది గమ్యం చేర్చదనే నిర్ణయానికి వచ్చి, గణాంక పద్ధతికి మారతానని గురువుకు చెప్పాడు. గురువు అతని అభిప్రాయంతో ఏకీభవించలేదు. అయినప్పటికీ అతనికి తన మద్దతు ఉంటుందని మాట ఇచ్చారని లీ తరువాతి కాలంలో పలుమార్లు చెప్పుకొన్నారు. గణాంక పద్ధతికి విస్తారమైన ధ్వని నమూనాలు, శక్తిమంతమైన కంప్యూటర్లు కావాలి. వాటి కొరత రాకుండా చూసినవారు కూడా ఆ పద్ధతిని నమ్మని గురువే. 1988లో పూర్తయిన స్ఫింక్స్ సుమారు 1000 పదాల పరిధిలో, ఎవరు మాట్లాడినా, ఆగకుండా మాట్లాడినా గుర్తించగలిగి, ఆ రంగం దిశనే మార్చింది. స్ఫింక్స్‌ను తరువాతి దశకు తీసుకుపోయిన షుయెడాంగ్ హువాంగ్ 1993లో మైక్రోసాఫ్ట్‌లో చేరి అక్కడి మాటల గుర్తింపు బృందానికి పునాది వేశారు.

చరిత్ర తీర్పు ఈ విషయంలో శిష్యుల పక్షాన ఉన్నదని అంగీకరించవలసిందే. నియమాల దారి వెనుకబడి, ఉదాహరణల దారి ముందుకు వచ్చింది. మెదడులోని నాడీకణాల అమరిక స్ఫూర్తితో రూపొందిన నాడీజాల పద్ధతులు 2010 తరువాత ఇంకా ముందుకు వెళ్లి, నేటి చరవాణుల్లో వినిపించే సమాధానాలకు ఆధారమయ్యాయి. ఈ లెక్కన చూస్తే రాజ్ రెడ్డి ఇష్టపడిన పద్ధతి ఓడిపోయింది గాని ఆయన ఎంచుకొన్న ప్రశ్న గెలిచింది. తన పద్ధతి కంటె తన ప్రశ్న ముఖ్యమని భావించగలిగిన ఆచార్యుడి ప్రయోగశాలలో మాత్రమే అటువంటి గెలుపు సాధ్యమవుతుంది.

ఇదే దృష్టి ఆయన నిర్మించిన సంస్థల్లోనూ కనిపిస్తుంది. కార్నెగీ మెలన్‌లో 1979లో ఏర్పడిన రోబోటిక్స్ ఇన్‌స్టిట్యూట్‌కు ఆయన వ్యవస్థాపక సంచాలకులుగా 1991 వరకు కొనసాగారు. చూడడం, వినడం, కదలడం అనే సామర్థ్యాలను ఒకే యంత్రంలో కలపాలంటే మెకానికల్, ఎలక్ట్రికల్, కంప్యూటర్ నిపుణులు ఒకే కప్పు కింద పనిచేయాలన్నది ఆ సంస్థకు మూలసూత్రం. తనంతట తాను దారి చూసుకొని నడిచే వాహనాల మీద అక్కడ సాగిన కృషి ఫలితంగా, 1995లో అక్కడి పరిశోధకులిద్దరు పిట్స్‌బర్గ్ నుంచి పసిఫిక్ తీరంలోని శాన్ డియాగో వరకు ప్రయాణించగా, దారిలో సుమారు 98 శాతం మేర స్టీరింగ్‌ను కంప్యూటరే తిప్పింది. వేగాన్ని, బ్రేకులను మాత్రం మనుషులే చూసుకొన్నారు. 1991 నుంచి 1999 వరకు రాజ్ రెడ్డి కంప్యూటర్ శాస్త్ర విద్యాలయానికి డీన్‌గా వ్యవహరించిన కాలంలో భాషా సాంకేతికతకు, మనిషికీ కంప్యూటర్‌కూ మధ్య సంబంధాల అధ్యయనానికి, యంత్ర అభ్యాసానికి విడివిడిగా కేంద్రాలు రూపు దిద్దుకొన్నాయి.

తెలుగునాటికి ఆయన కృషి పుస్తకాల రూపంలో కూడా చేరింది. ప్రపంచ భాషల్లోని పుస్తకాలను ఛాయాచిత్రాలుగా తీసి ఎవరైనా ఉచితంగా చదువుకొనేటట్లు అందించాలనే మిలియన్ బుక్స్ ప్రాజెక్టుకు ఆయన ప్రధాన సారథుల్లో ఒకరు. భారత్, చైనా, ఈజిప్టు దేశాల సంస్థల భాగస్వామ్యంతో సాగిన ఈ ప్రాజెక్టు 2007 నాటికి 15 లక్షల పుస్తకాలను దాటింది. భారత్‌లో ఇది డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పేరుతో నడవగా, హైదరాబాద్‌లోని కేంద్రాల్లో వేలాది తెలుగు గ్రంథాలకు అంకరూపం లభించింది. ప్రచురణ నిలిచిపోయి, పాత గ్రంథాలయాల బీరువాల్లో తప్ప దొరకని పుస్తకాలు ఈనాడు ఏ జిల్లాలోని పరిశోధక విద్యార్థికైనా ఇంట్లో కూర్చుని చదువుకొనేందుకు లభిస్తున్నాయంటే, దాని వెనుక ఈ కృషి ఉన్నది.

హైదరాబాద్‌లో 1998లో ప్రారంభమైన అంతర్జాతీయ సమాచార సాంకేతిక సంస్థ పాలక మండలికి ఆయన చాలాకాలం అధ్యక్షత వహించారు. భారతీయ భాషల కంప్యూటర్ విశ్లేషణకు, మాటల సాంకేతికతకు ఆ సంస్థ దేశంలోని ముఖ్య కేంద్రాల్లో ఒకటిగా ఎదిగింది. ధ్వని సంకేతాల విశ్లేషణలో అంతర్జాతీయ ఖ్యాతి పొందిన ఆచార్య బి. యజ్ఞనారాయణ 1977 నుంచి 1980 వరకు కార్నెగీ మెలన్ కంప్యూటర్ శాస్త్ర విభాగంలో సందర్శక ఆచార్యులుగా ఉండి, తరువాత మద్రాసు ఐఐటీలో రెండున్నర దశాబ్దాలు బోధించి, ఆపైన హైదరాబాద్ సంస్థకు వచ్చి కొత్త తరం పరిశోధకులను తీర్చిదిద్దారు. హార్పీ విజయం సాధించిన వెంటనే ఆ ప్రయోగశాలల పరిసరాల్లో గడిపిన ఒక ఆచార్యుడి అనుభవం ఈ విధంగా తెలుగు విద్యార్థులకు అందింది.

గ్రామీణ విద్యార్థుల కోసం 2008లో ఏర్పడిన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయానికి రాజ్ రెడ్డి వ్యవస్థాపక కులపతి. జనం ట్రిపుల్ ఐటీలుగా పిలుచుకొనే బాసర, నూజివీడు, ఇడుపులపాయ ప్రాంగణాలు ఈ విశ్వవిద్యాలయం కిందనే మొదలయ్యాయి. ప్రవేశ పరీక్షల శిక్షణకు డబ్బు వెచ్చించలేని కుటుంబాల పిల్లలకు అవకాశం దక్కాలనే ఉద్దేశంతో, పదవ తరగతి మార్కుల ఆధారంగా, ప్రభుత్వ పాఠశాలల విద్యార్థులకు కొంత అదనపు ప్రాధాన్యమిచ్చి, ఆరేళ్ల సమీకృత కోర్సులో చేర్చుకొనడం దీని ప్రత్యేకత. జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో తెలుగు మాధ్యమంలో చదివిన పాలమూరు (ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా) పిల్లలెందరో ఈ దారిలోనే ఇంజనీర్లయ్యారు.

పాలమూరుకు ఈ పరిశోధన ఎందుకు ముఖ్యమో ఇక్కడ విచారించాలి. 2011 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలో అక్షరాస్యత సుమారు 55 శాతం. నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని 23 జిల్లాల్లో అదే అతి తక్కువ. ప్రాజెక్టుల మట్టిపనికి, కట్టడాలకు తరతరాలుగా దేశం నలుమూలలకు వలస వెళ్లిన కుటుంబాల్లో చదువు మధ్యలో ఆగిపోవడం ఇందుకు ఒక ప్రధాన కారణం. చదవడం రాని మనిషికి తెర మీద అక్షరాలతో నిండిన సాంకేతికత ఎంత గొప్పదైనా ప్రయోజనం లేదు; కాని మాట్లాడడం రాని మనిషి అరుదు. యంత్రం మనిషి మాటను వినగలిగితే, దానివల్ల అందరికంటె ఎక్కువ మేలు పొందేవారు అక్షరం అందనివారేనని రాజ్ రెడ్డి అనేక ప్రసంగాల్లో వాదించారు. ఉపాధి హామీ కూలి జమ అయిందా లేదా, మార్కెట్ యార్డులో వేరుశనగ ధర ఎంత పలికింది, ఆసుపత్రిలో రాసిన మందు ఎప్పుడు వేసుకోవాలి అనే విషయాలను ఇంకొకరిని ప్రాధేయపడకుండా అడిగి తెలుసుకోగలగడం ఆత్మగౌరవానికి సంబంధించిన విషయం.

అయితే ఆ యంత్రం విని నేర్చుకొన్న తెలుగు ఎవరిది అనే ప్రశ్న మిగిలి ఉంటుంది. ఉదాహరణల నుంచి నేర్చుకొనే వ్యవస్థకు ఏ గొంతులు వినిపిస్తే ఆ గొంతులే అర్థమవుతాయి. పుస్తకాల భాషనో, వార్తల భాషనో, కోస్తా పలుకుబడినో ఎక్కువగా విన్న యంత్రం ‘వచ్చిండు’, ‘పోయిన్రు’ అనే మాటల దగ్గర తడబడే అవకాశం ఉంది. నారాయణపేట, గద్వాల వైపు పలుకులో కన్నడం కలుస్తుంది. పట్టణాల్లో దక్కనీ ఉర్దూ కలుస్తుంది. పైగా ఒక్క ధాతువు కాలాన్ని, పురుషను, వచనాన్ని, వ్యతిరేకార్థాన్ని బట్టి వందల రూపాలు ధరించే తెలుగుకు, 1000 పదాలతో సరిపెట్టుకొన్న ఆంగ్ల ప్రయోగాలు నేరుగా వర్తించవు. లంబాడీ తండాల్లో మాట్లాడే గోర్ భాషకు సొంత లిపి లేదు. దానిని మాట్లాడేవారికి చదవడం, రాయడం అంటే వేరే భాష నేర్చుకొనడమే కాబట్టి, నోటి మాట ద్వారా పనిచేసే యంత్రం వారికి ఇంకా ఎక్కువ అవసరం. భారత ప్రభుత్వం 2022లో ప్రారంభించిన భాషిణి కార్యక్రమం వంటివి దేశ భాషల ధ్వని నమూనాల సేకరణకు ఊతమిస్తున్నాయి గాని, మాండలికాల వరకు ఆ కృషి చేరడానికి స్థానికుల భాగస్వామ్యం తప్పనిసరి.

ఇందులో జాగ్రత్త వహించవలసిన అంశాలూ ఉన్నాయి. చదరంగం ఎత్తును యంత్రం తప్పుగా వింటే ఆట మాత్రమే పోతుంది. బ్యాంకు ఖాతాలోని మొత్తాన్నో, మందు మోతాదునో తప్పుగా వింటే నష్టం మనిషికి తగులుతుంది. విన్నదాన్ని తిరిగి చెప్పి నిర్ధారించుకొనే పద్ధతి, పొరపాటు జరిగితే సంప్రదించడానికి ఒక మనిషి అందుబాటులో ఉండే ఏర్పాటు, ఇచ్చిన గొంతు నమూనాలను అనుమతి లేకుండా వేరే పనులకు వాడకుండా రక్షణ ఉన్నప్పుడే ఇటువంటి వ్యవస్థలు ప్రజల నమ్మకానికి పాత్రమవుతాయి.

రాజ్ రెడ్డి సిద్ధాంత గ్రంథానికీ స్ఫింక్స్‌కూ మధ్య 22 ఏళ్లు గడిచాయి; స్ఫింక్స్ తరువాత, మాటకు బదులిచ్చే సహాయకులు చేతిఫోన్లలో సామాన్యులకు చేరడానికి, అంటే 2011 వరకు, ఇంకొక 23 ఏళ్లు పట్టాయి. పాలమూరు విశ్వవిద్యాలయంలోనో, జిల్లాలోని ఇంజనీరింగ్ కళాశాలల్లోనో చదివే విద్యార్థి తన ప్రాంతపు మాటను యంత్రానికి నేర్పాలని సంకల్పిస్తే, ఈనాడు అందుబాటులో ఉన్న ఉచిత సాధనాల వల్ల అంతకాలం నిరీక్షించవలసిన అవసరం లేదు. కాని ఒక సెమిస్టర్ ప్రాజెక్టుతో అది పూర్తయ్యే పని కూడా కాదు. ప్రోగ్రాములు రాసేవారు, మాండలికం ఎరిగిన భాషావేత్తలు, గొంతు నమూనాలు అందించే గ్రామస్థులు కలిసి పనిచేయాలి. వారందరినీ కొన్నేళ్లపాటు ఒకచోట నిలిపి ఉంచగల ఆచార్యుడు కావాలి. ఆ ఆచార్యుడు పాఠ్యపుస్తకంలో లేని ప్రశ్నను ఎంచుకొని, తన దారిని కాదన్న శిష్యుడికి కూడా ప్రయోగశాల తాళంచెవి ఇవ్వగలిగినవాడైతే, కార్నెగీ మెలన్‌లో జరిగినది మహబూబ్‌నగర్‌లో జరగకపోవడానికి శాస్త్రపరమైన కారణమేదీ లేదు.